చీమ కరిచిన చోట

ఖమ్మంలోని ఖానాపురం హవేలి నుంచి బదిలీ మీద వచ్చిన హాజిరాకు ఆ బడిలో అది రెండో ఏడు. దమ్మపేట దాటాక అడవి అంచున ఉన్న చిన్న గూడెం బడి అది. ఆ రోజు ఆమె ఆరు భూతద్దాలు తెచ్చి, రెండో తరగతి పిల్లలను బడి వెనక్కి తీసుకెళ్లింది.

"అద్దాన్ని మెల్లగా దగ్గరికి, దూరం జరపండి. సాఫ్‌గా కనబడ్డ కాడ ఆపాలె. ఏం కనబడ్డదో అదే చెప్పాలె."

పిల్లలు గడ్డిలో బోర్లా పడుకున్నారు. గొంగళిపురుగుకు వెంట్రుకలు చూశారు, ఆకుకు చిల్లులు చూశారు. కాసేపటికి దుర్గ అనే అమ్మాయి చుట్టూ గుమిగూడారు. ఆమె మోచేతి కింద ఎర్రచీమ ఎక్కింది.

"కదలకు," అంటూ హాజిరా అద్దం పెట్టింది.

చీమ దవడలు చర్మంలో దిగి ఉన్నాయి. దుర్గ నవ్వుతోంది.

"నొప్పి లేస్తలేదా?"

"కరుస్తలేదు టీచర్. ఊకె నిలబడ్డది."

చీమ పట్టుకున్న చోట రూపాయంత పాలిపోయిన మచ్చ ఉంది. పోయిన వానాకాలం నుంచీ హాజిరా దాన్ని చూస్తూనే ఉంది. సరైన తిండి లేక వచ్చిందనుకుంది. చీమను దులిపేసి, దుర్గను కళ్లు మూసుకోమంది. గడ్డిపోచతో మణికట్టు మీద తాకింది.

"ఇక్కడ," అంది దుర్గ.

మచ్చ మీద తాకింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు.

"ఇంకా ముట్టలేదేంది టీచర్?"



బడి వదలగానే హాజిరా దుర్గ వాళ్లింటికి వెళ్లింది. వాళ్లమ్మ జంపక్క వాకిట్లో ఇప్పపువ్వు ఆరబోస్తోంది. హాజిరా చెప్పిందంతా విని చేతిలోని పువ్వు పక్కన పెట్టింది. తర్వాత గాజులు పైకి తోసి చెయ్యి చాపింది. అలాంటి మచ్చే, అరచేయంత. చిటికెన వేలు వంగిపోయి ఉంది. దాని మీద కాలిన గుర్తు.

"పొయ్యి కాడ కాలింది మేడమ్. వాసనొస్తే గని నాకు తెల్వలే."

"ఎన్నేండ్ల సంది?"

"ఈ పిల్ల కడుపుల ఉన్నప్పటి సంది."

"ఎవ్వరికీ చెప్పలేదా?"

"చెప్తే నా చేతి నీళ్లు ఎవరు తాగుతరు?"

హాజిరా అరుగు మీద కూర్చుంది. "రేపు పొద్దున బస్సుకు దవాఖానాకు పోదాం అక్కా, ముగ్గురం," అంది.

భద్రాచలం దవాఖానాలో డాక్టర్ ఇద్దరినీ పరీక్షించి కుష్ఠు అని చెప్పాడు. మందులు ఉచితం, నయమవుతుంది అన్నాడు. పిల్లకు ఆరు నెలలు, తల్లికి ఏడాది.

"ఇది ఇంకా ఉందా సార్?" అంది హాజిరా.

"ఉంది మేడమ్. చూసేవాళ్లే తగ్గిన్రు."

ఆ మాట ఆమెకు చాలా రోజులు నిద్ర పట్టనివ్వలేదు.

ఆరు నెలలకు దుర్గ మందులు పూర్తయ్యాయి. మచ్చ అంచుల్లో స్పర్శ తిరిగొస్తోంది. జంపక్క వేలు మాత్రం నిటారు కాలేదు. తర్వాత ఆరోగ్య సిబ్బంది గూడెంలో పరీక్షలకు వస్తే ఎవరూ ఇళ్లలోంచి కదల్లేదు. జంపక్క వెళ్లి బెంచీ మీద కూర్చుంది. అందరికీ కనబడేలా చెయ్యి చాపింది.

"నాకు ఈ రోగం ఉండె. మందులు మింగుతున్న," అంది గట్టిగా. "మీరూ వచ్చి చూపించుకోండి."

ముందు ఒక ముసలాయన తలుపు తెరిచి బయటికి వచ్చాడు.