జర నా సాంచలు చూడు

దవాఖానలో బాగైన మనిషి మళ్లీ మళ్లీ అదే దవాఖానకు ఎందుకు పోవాల్సి వస్తుంది? సిరిసిల్లలో బీడీలు చుట్టుకుని బతికే ఊర్మిలను ఈ అనుమానం ఏళ్లుగా తొలుస్తోంది. ఆమె భర్త దేవదాస్ సాంచలు అనే మరమగ్గాల మీద బట్ట నేసే కార్మికుడు. ఎవరూ అనని మాటలు చెవిన పడే జబ్బు అతనిది. బాగై వచ్చిన ప్రతిసారీ ఆమె వేములవాడ రాజన్నకు కోడెను కట్టి మొక్కు చెల్లించేది. రాజన్న బాగు చేసే పంపుతున్నాడు. మరి చెడగొడుతున్నది ఎవరు?

ఈసారి ఆమె కూడా భర్త వెంట సాంచల షెడ్డుకు పోయింది. షెడ్డు నడిపే ఆసామి లస్మయ్య ఎప్పటిలాగే రాత్రి పని ఇస్తానన్నాడు. పగలైతే బట్ట కొనవచ్చినవాళ్లు దేవదాసును చూసి జంకుతారట.

"రాత్రి గోలీ మింగితే నిద్ర ముంచుకొస్తది కాకా," అన్నాడు దేవదాస్ మెల్లగా. "పోగు తెగినా కనవడది. అందుకే గోలీ బంద్ పెట్టేటోణ్ని."

ఊర్మిల భర్త వైపు తిరిగి చూసింది. గోలీలు మరిచిపోతున్నాడని ఇన్నేళ్లూ అతన్నే తిట్టింది.

"విన్నవా కాకా?" అంది లస్మయ్యతో. " దవాఖానోళ్లు నిలవెట్టి పంపుతరు, నువ్వు పడగొడ్తవు. మేం గోలీ మింగాల్నా, బువ్వ తినాల్నా?"

"డాక్టరమ్మ అచ్చింది," అని ఎవరో నవ్వారు.

జ్వరం తగ్గినవాణ్ని ఇంటికి పోయి పలకరిస్తాం. మనసు జబ్బు తగ్గినవాణ్ని చీకట్లో దాస్తాం. ఇదేం న్యాయం?

బువ్వకు పోయేవాడు పక్కవాడికి తన సాంచలు అప్పజెప్పడం ఆ షెడ్డులో ఆనవాయితీ. చూసినవాడికి అవతలివాడు మళ్లీ చూసిపెట్టాలి. దేవదాస్ మొదట జబ్బుపడి బయటికి పరుగెత్తిన నాడు అతని సాంచలు చూసింది పక్కన నేసే నర్సింగం. ఆ తర్వాత దేవదాసుకు తన సాంచలు అప్పజెప్పినవాడు లేడు.

నర్సింగం టిఫిన్ డబ్బా పట్టుకొని లేచాడు. "దేవదాసన్నా, నువ్వు నాకు బాకీ ఉన్నవ్. జర నా సాంచలు చూడు."

"బట్ట చెడితే?" అన్నాడు లస్మయ్య.

"నా కూలిల కోసుకో."

దేవదాస్ సాంచల నడుమకు పోయాడు. కాసేపటికి ఒక పోగు తెగింది. సాంచ ఆపి, ముడేసి, మళ్లీ నడిపించాడు. లస్మయ్య వంగి బట్టను తడిమి చూసి, తల ఎత్తకుండానే, రేపు పొద్దుగాల పగటి పనికి రమ్మన్నాడు.

ఊర్మిల అనుమానం తీరింది. గోలీ జబ్బును తగ్గిస్తుంది, తగ్గిన మనిషిని నిలబెట్టాల్సింది మాత్రం మనమే.

నర్సింగం బువ్వ తిని వచ్చి బట్ట చూశాడు.

"బాకీ తీరిందన్నా," అన్నాడు.