సాంబ్రాణికి మినహాయింపు

2025 జూలై 13, ఆదివారం ఉదయం, బచేలి ఇనుప గనుల టౌన్‌షిప్‌లోని ఒక క్వార్టరు వంటింట్లో సమావేశం జరిగింది. హాజరైనవారు: గని విద్యుత్ విభాగంలో ఫోర్‌మన్, ఇంటి యజమాని రాజేశ్వరరావు, ఆయన భార్య రాజ్యశ్రీ, ఆయన కన్నతల్లి అప్పలనరసమ్మ. ఈమె శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, ఇక్కడి ఎర్రదుమ్మును తిట్టుకుంటూ ఇరవై ఏళ్లుగా అందులోనే స్థిరపడింది. చర్చనీయాంశం ఒక్కటే: గ్యాసు కనెక్షను వెనక్కి ఇచ్చేసి, ఇంటిని పూర్తిగా కరెంటు మీద నడపడం.

రాజేశ్వరరావు పథకంలో లోపమేమీ లేదు. వంటింటికి విడిగా మందపాటి వైరు, రెండు ఇండక్షన్ పొయ్యిలు, రైస్ కుక్కరు, స్నానానికి గీజరు. వానలకు దారి తెగి లారీ ఆగిపోతే సిలిండరు కోసం ఎదురుచూసే పని ఉండదు. ఇకపై ఈ ఇంట మంట అనేదే ఉండదని ఆయన సగర్వంగా ప్రకటించాడు.

అప్పలనరసమ్మకు ఆపద సరిగ్గా అక్కడే వచ్చిపడింది. రెండేళ్ల క్రితం విశాఖలో డాక్టరు ఆమె అంగిట్లో తెల్లమచ్చ చూసి బెదరగొడితే, ఇక చుట్ట ముట్టనని పైడితల్లి మీద ఒట్టు వేసింది. ఆమె లెక్కలో ఆ అమ్మవారి అధికారం కొత్తవలస స్టేషను దాటి రాదు కనుక, అక్కడి నుంచి ఇటు వచ్చే కిరండూల్ రైలెక్కిన మనిషిని ఆ ఒట్టు వెంబడించదు. కొడుకు మాత్రం ఆ వారమే ఇంట్లోని అగ్గిపెట్టెలన్నీ పారేయించాడు. దేవుడి ముందు సైతం బల్బు దీపమే. మిగిలిన నిప్పల్లా గ్యాసు పొయ్యిది. మధ్యాహ్నం కొడుకు డ్యూటీలో ఉండగా ఆమె దాని మీద చుట్ట అంటించుకుని, తమ వైపు ఆడవాళ్ల పద్ధతిలో నిప్పున్న కొనను నోటి లోపల పెట్టుకుని, పెరట్లో అరగంట కూర్చుంటుంది. పొయ్యి పోతే ఆ అరగంటా పోతుంది. మానేసిన చుట్ట కోసం పొయ్యి కావాలని సమావేశంలో చెప్పడం ఎలా?

కనుక ఆమె వంకాయతో మొదలుపెట్టింది.

“వంకాయ ఎక్కడ కాల్సుకోమంటావురా? కరెంటు మీదా?”

“ఆయనకి వంకాయ పడదు కదత్తా,” అంది రాజ్యశ్రీ బెండకాయలు తరుగుతూ.

“కరెంటు కుక్కర్లో అన్నం మాడదు. మాడు లేని అన్నం అన్నమేటి?”

“నీకు పళ్లే లేవు కదమ్మా. మాడు ఎలా నములుతావు?” అన్నాడు రాజేశ్వరరావు.

“నమల్ను. అడుగున ఉన్నాదని తెలియాల.”

రాజ్యశ్రీకి ఈ వ్యవహారంలో తన ప్రయోజనం తనకుంది. ఆ అరగంట లేనినాడు అత్తగారు వంటింట్లోకి వచ్చి, పప్పులో ఉప్పు మొదలుకొని కోడలి పుట్టింటివారి నడవడి దాకా సమీక్షిస్తుందని ఆమెకు అనుభవమే.

“మరి సాంబ్రాణో?” అంది భర్తతో. “బల్బు మీద ధూపం వెయ్యలేం కదండీ. పెరట్లో చిన్న కుంపటి, ఓ అగ్గిపెట్టె ఉంచుకుందాం.”

ఈ పిల్లకు బుద్ధి ఉందని అప్పలనరసమ్మకు మొట్టమొదటిసారి అనిపించింది.

“అవున్రా. దేవుడికి పొగెయ్యకపోతే ఎలాగ?”

“శుక్రవారం సాయంత్రం వేస్తే చాలు.”

“రోజూ. మజ్జానం బోజనాలయ్యాక.”

“భోజనాలయ్యాక దేవుడికి ధూపమేంటమ్మా?”

“తిన్నాక ఆయనా కునుకు తీస్తాడు. దోమలు కుడతాయి.”

రాజేశ్వరరావు తీర్మానం రాయడానికి తెచ్చుకున్న కలం మూత తీసి, మళ్లీ పెట్టాడు. కాలిన వైరు వాసనను ఫర్లాంగు దూరం నుంచి పట్టగల మనిషికి తన పెరట్లోని పొగాకు వాసన తెలియదనుకోవడం ఆ ఇంటి మర్యాద. ఒట్టు గుర్తుచేస్తే తల్లి దొంగవుతుంది. ఊరుకుంటే ఆమె అంగిలి కాలుతుంది. కాసేపు ఆలోచించి, పైకి చదువుతూ రాశాడు:

“సాంబ్రాణి నిమిత్తం పెరట్లో ఒక కుంపటి, ఒక అగ్గిపెట్టె అనుమతించడమైనది. అయితే నిప్పు ఎల్లవేళలా బయటి వైపే ఉండవలెను.”

“బయటి వైపంటే?”

“లోపలికి పోకూడదు. ఎక్కడి లోపలికీ.”

“మగోల్లలాగ బయటెట్టుకోమంటావేటి? దానికి రుసేటుంటాది?”

రాజ్యశ్రీ ఒక బెండకాయను అవసరానికి మించి సన్నగా తరిగింది.

“సాంబ్రాణికి రుచేంటమ్మా,” అన్నాడు రాజేశ్వరరావు తలెత్తకుండా. ఈ ప్రశ్న, జవాబు తీర్మానంలో నమోదు కాలేదు.

అప్పలనరసమ్మ అంగిట్లోని మచ్చను నాలుకతో తడుముకుంది. ఈ మధ్య అది పెరిగిందన్న సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

“రోజుకి ఒకటే ధూపం,” అన్నాడు కొడుకు.

“రెండు.”

“ఒకటి.”

“శుక్రోరం రెండు. నిప్పు బయటే ఉంటాది. రాయి.”

రాశాడు. ముగ్గురూ సంతకాలు చేశారు. అప్పలనరసమ్మ తన పేరును ఆఖరి అక్షరం దాకా, ఏ ఒక్క ఒత్తూ వదలకుండా రాసింది.

“ఇలా ఇవ్వమ్మా, ఫైల్లో పెడతాను.”

“నా కాడే ఉంటాది. రేపు నువ్వు మాట మారిస్తే సూపెట్టద్దా?”

ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. రొంటిలో ఉన్న చుట్టను విరగకుండా కాస్త పక్కకు జరిపి, కాగితాన్నీ అక్కడే దోపుకుంది.