స్పేర్ డ్యూటీ

మా ఆయన బస్సు డిపోలో డ్యూటీలు వేసే క్లర్కు. ఏ బండి ఎన్నింటికి కదలాలి, ఏ డ్రైవరు ఎక్కాలి, ఏ కండక్టరు దిగాలి, అన్నీ ఆయన రాసిన చార్టు ప్రకారమే నడుస్తాయి. ఇరవై ఏళ్ళుగా అదే పని కావడంతో ఇంట్లో కూడా ఏదైనా కదలాలంటే ఆయనకు చార్టు కావాలి. సముద్రం అవతలున్న చిన్న దేశానికి నాలుగు రోజులు వెళ్ళొద్దామని నలుగురం అనుకున్నామో లేదో, మర్నాటికల్లా ఫ్రిజ్ తలుపు మీద పెద్ద కాగితం ఒకటి వెలిసింది.

మొదటి రోజు. ఉదయం 6.10, నిద్ర లేచుట. 6.25, స్నానములు, పెద్దది ముందు, చిన్నవాడు తరువాత. 7.30, బయలుదేరుట. సముద్రం ఎదురుగా నిలబడి చూడ్డానికి నలభై నిమిషాలు. ఆ తర్వాత సముద్రం ఏం చేయాలో మాత్రం రాయలేదు.

కాగితం పైభాగంలో అక్షరాలు బారెడు ఉన్నాయి. కిందికి వచ్చేసరికి చోటు చాలక చిక్కిపోయి, అట్టడుగున చీమల బారులా అయిపోయాయి. వాటికి కాస్త పైన, ఇంకా కంటికి ఆనే చోట, ఇలా ఉంది. డ్రైవరు: నాన్న. కండక్టరు: పెద్దది. క్లీనరు: చిన్నవాడు. స్పేరు: అమ్మ.

నాకు అర్థం తెలియక కాదు. ఇన్నేళ్ళు ఆ మనిషితో కాపురం చేసి ఆ మాత్రం తెలియదా? డిపోలో ఏ బండికీ వేయకుండా, ఎవరైనా రాకపోతే పంపుదాంలే అని బల్ల మీద కూర్చోబెట్టేవాణ్ణి స్పేరు అంటారు. కొంతమంది ఎనిమిది గంటలూ ఆ బల్ల మీదే గోళ్ళు గిల్లుకుని ఇంటికెళ్ళిపోతారు.

"నేను స్పేరా?" అని అరిచాను. పిల్లలిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. నా మీద జాలి అనుకున్నాను.

పదిహేడేళ్ళుగా ఈ ఇంట్లో నేను చెప్పకుండా ఒక మేజోడు కూడా తన జతను చేరలేదు. వచ్చే ఏడు మా పెద్దది చదువుకని వేరే ఊరు వెళ్ళిపోతుంది. ఆ తర్వాత నలుగురం కలిసి ఎక్కడికైనా వెళ్ళడం మాటలు కాదు. అలాంటి ప్రయాణంలో నాకు చోటే లేదన్నమాట. కోపం సరే, అంతకంటే బాధేసింది. వీళ్ళకు నేను అక్కర్లేదా అనిపించింది.

"అయితే ఈ క్షణం నుంచే నేను స్పేరుని. నన్నెవరూ ఏ పనీ అడక్కండి" అన్నాను.

మా ఆయన మొహం వెలిగిపోయింది. "అప్పుడే మొదలుపెట్టేశావా? మంచిదే. అలవాటవుతుంది."

నాకు ఒళ్ళు మండిపోయింది.

పాస్‌పోర్టులు రగ్గుల సంచిలో ఉన్నాయి. దొంగలు రగ్గులు ఎత్తుకుపోరని అక్కడ పెట్టాను. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. మా ఆయన బీరువా వెతికాడు, మంచం కింద దూరాడు, బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టాడు. నేను ఎదురుగా కూర్చుని కాలు మీద కాలేసుకుని పత్రిక తిరగేశాను. అడిగితే కాస్త ఏడిపించి చెప్పేసేదాన్ని. అడిగితేగా! మూడు రోజులు వెతికి, తుమ్ముకుంటూ తనే రగ్గుల సంచి బయటికి లాగాడు. నావైపు గర్వంగా చూశాడు. నేను పత్రికలో తల దూర్చాను.

ఈలోగా పిల్లలు రంగంలోకి దిగారు.

"నాన్నా, అమ్మ స్పేరు కదా. మరి ఆరింటికి మమ్మల్ని ఎవరు లేపుతారు?" అంది పెద్దది.

"నేను లేపుతా."

"నిన్నెవరు లేపుతారు?"

మర్నాటికి 6.10 కొట్టేసి 9.00 అయింది. ఆ తర్వాత చిన్నోడు మ్యూజియం మీద పడ్డాడు. అంతసేపు నిలబడితే తనకు కళ్ళు తిరుగుతాయనీ, పట్టుకోవడానికి అమ్మ డ్యూటీలో ఉండదనీ వాదించాడు. రెండు గంటల మ్యూజియం ఇరవై నిమిషాలైంది. మిగిలిన గంటా నలభై నిమిషాలూ ఈతకొలనుకి పోయాయి. డిపోలో యూనియన్ వాళ్ళు గేటు మూసేసినా అయిదు నిమిషాలు అటూ ఇటూ కదపని మనిషి, ఇంట్లో ఇద్దరు పిల్లకాయల ముందు రబ్బరు పట్టుకుని నిలబడ్డాడు.

"తగ్గకమ్మా" అని పెద్దది నా చెవిలో చెప్పేది. "సమ్మె అంటే సమ్మెలాగే ఉండాలి." అడక్కుండానే టీ పెట్టి తెచ్చేది. నా పిల్లలు నా పక్షమేనని పొంగిపోయాను.

వారం తిరిగేసరికి మా ఆయనకే అనుమానం వచ్చింది. నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "అలా మొహం ముడుచుకుని తిరుగుతున్నావెందుకు? కింద రాశాను కదా. చదవలేదా?"

"చదివాను" అన్నాను.

అది పచ్చి అబద్ధం. ఇక్కడ నా గుట్టు ఒకటి బయటపెట్టాలి. నేను పనిచేసేది కళ్ళజోళ్ళ షాపులో. నలభై దాటి వచ్చేవాళ్ళందరికీ రోజుకు పదిసార్లు, "ఇందులో నామోషీ ఏముందండీ, అందరికీ వచ్చేదే" అని నచ్చజెప్పి అద్దాలు అంటగట్టేది నేనే. నాకు నలభై నాలుగు. దగ్గర అక్షరాలు అలుక్కుపోవడం మొదలై ఏడాది దాటింది. చచ్చినా ఒప్పుకోను.

ఆయన అటు వెళ్ళగానే ఫ్రిజ్ ముందు నిలబడ్డాను. తల వెనక్కి వంచాను, కళ్ళు చికిలించాను. చీమలు చీమల్లాగే ఉన్నాయి.

"ఒరేయ్, ఇటు రా" అని చిన్నోణ్ణి పిలిచాను. "మీ నాన్న రాత కోడి కెలికినట్టుంది. కింద ఏం రాశాడ్రా?"

డిపో మొత్తానికి గుండ్రంగా రాసేది మా ఆయనొక్కడే. వాడు నన్ను ఓసారి ఎగాదిగా చూసి, కాగితం వైపు తిరిగాడు. "ఈ పట్టికలో మార్పులు జరగవచ్చును, అని రాశాడమ్మా" అన్నాడు, రెప్ప కూడా వేయకుండా.

ఈ మాత్రానికా ఈయన అంత సాగదీశాడు అనుకున్నాను. కానీ నాకు అనుమానం తీరలేదు. ఒక్క వాక్యానికి మూడు వరసల చీమలెందుకు? మర్నాడు కాగితం మడిచి సంచిలో పెట్టుకుని షాపుకి తీసుకెళ్ళాను. మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళాక కళ్ళు పరీక్షించే గదిలో తలుపేసుకుని, టెస్టు ఫ్రేము ముక్కు మీద పెట్టుకుని, రోజూ జనానికి వేసే అద్దాలు నాకు నేనే వేసుకున్నాను. రెండో జత వేయగానే చీమలు అక్షరాలయ్యాయి.

"గమనిక: స్పేరుకు ఎవరూ ఏ పనీ చెప్పరాదు. 'అమ్మా, అదెక్కడుంది' అని అడగరాదు. నిద్ర లేపరాదు. పదిహేడేళ్ళుగా ఈ ఇంట మొదటి బండీ చివరి బండీ ఆవిడే నడుపుచున్నది. ఒక్క వీక్లీ ఆఫ్ ఇచ్చిన దాఖలా లేదు. తప్పు డ్యూటీ క్లర్కుది."

ఏడ్చాను. ఆ బరువు ఫ్రేములోంచి కళ్ళు తుడుచుకోవడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. పాస్‌పోర్టుల కోసం మూడు రోజులు తుమ్మిన మనిషి నన్నెందుకు అడగలేదో కూడా తెలిసింది.

తర్వాత ఇంకొకటి తట్టింది. నా పిల్లల కళ్ళకు ఏ లోపమూ లేదు. షాపులో ఇద్దరికీ దగ్గరుండి పరీక్ష చేయించింది నేనే.

ఆ సాయంత్రం కొత్త కళ్ళజోడు పెట్టుకునే ఇంట్లోకి అడుగుపెట్టాను. సోఫాలో ఉన్న ఇద్దరూ ఒక్కసారి లేచి నిలబడ్డారు.

"ఎప్పుడు చదివారు?" అన్నాను.

"మొదటి రోజే" అన్నాడు చిన్నోడు. పెద్దది వాడి కాలు తొక్కింది, కానీ అప్పటికే ఆలస్యమైంది.

"నువ్వు రాజీ పడిపోతే మళ్ళీ ఆరింటికే లేవాలి కదమ్మా" అని గొణిగింది. "అయినా నువ్వు స్పేరుగా ఉంటే బావుంది. మాతో కూర్చుని టీ తాగావు."

ఆ మాటకు మనసు కరిగింది. అయినా పైకి తేలనివ్వలేదు. కాగితం బల్ల మీద పరిచి, రబ్బరూ సన్న కలమూ తీసుకున్నాను. డ్రైవరు అన్నచోట నాన్నను చెరిపి పెద్దదాన్ని రాశాను. కండక్టరు, క్లీనరు రెండూ చిన్నోడికి.

"నాకు అక్కడ దారి తెలీదు!" అంది పెద్దది.

"ఫోన్లో ఉంటుంది. ఏడాదిగా అందులోనే ఉంటున్నావుగా."

"మరి లేవడం?" అన్నాడు చిన్నోడు, ఏడుపు మొహంతో.

"మీ ఇష్టం. ఎన్నింటికైనా లేవండి. లేపేది, ఫలహారం పెట్టించేది, విమానం తప్పకుండా చూసేది మాత్రం మీరే."

ఇద్దరూ చప్పున ఆరింటికి అలారం పెట్టుకున్నారు. అట్టడుగున వేలెడు చోటు మిగిలితే, అక్కడ ఆయన చీమలకంటే సన్నగా ఇంకో వాక్యం రాసి, కాగితాన్ని యథాస్థానంలో అతికించాను.

మా ఆయన డిపో నుంచి వచ్చి నీళ్ళ సీసా కోసం ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి ఆగిపోయాడు. తన పేరు లేదు. కాగితం ఊడదీసి మొహం దగ్గర పెట్టుకున్నాడు. చెయ్యి చాచాడు. ఇంకా చాచాడు. ఇక చాచడానికి చెయ్యి లేదు.

"ఇక్కడ లైటు సరిగ్గా లేదు" అన్నాడు.

నేను కళ్ళజోడు తీసి ఆయన ముక్కు మీద పెట్టాను.

"స్పేర్లు ఇద్దరు. పక్కపక్కనే కూర్చొనవలెను" అని పైకే చదివాడు. ఇంకోసారి లోపల చదువుకున్నాడు. "ఒకే బండికి ఇద్దర్ని స్పేరులో ఉంచడం మా డిపోలో ఎక్కడా లేదు."

"అందుకేగా దేశం దాటి వెళ్తున్నాం" అన్నాను.

కళ్ళజోడు మాత్రం ఆయన తిరిగివ్వలేదు.