గడియ పడే చోటు

పిల్లి ఆయనది, పిల్లి పెంట ఆమెది. ఆ ఇంట్లో పంపకాలు అలా జరిగాయి. ఎప్పుడు జరిగాయో, ఎవరు చేశారో అడిగితే ఎవరూ చెప్పలేరు. ముచ్చటపడి పిల్లికూనను తెచ్చింది ఆయనే. ఒళ్ళో పెట్టుకుని ఫోటోలు దిగాడు, ఆఫీసులో అందరికీ చూపించుకుని మురిశాడు. మర్నాడు పొద్దున్నే వాషింగ్ మెషిన్ వెనక గొంతుక్కూర్చుని, ప్లాస్టిక్ పెట్టెలోని ఇసుకలో ఉండలు ఏరి పారేసింది మాత్రం ఆమె. అప్పటినుంచి ఏరుతూనే ఉంది.

ఇప్పుడా పిల్లి ఇసుక పెట్టె ముట్టడం మానేసింది. మొదట ఇస్త్రీ బట్టల మీద ఉచ్చ పోసింది, తర్వాత సోఫా మీద, ఆ తర్వాత అత్తగారి పక్కమీద. "దానికి ఒళ్ళు పొగరు. నువ్వే నెత్తికెక్కించుకున్నావు" అన్నాడు మొగుడు. పెంట ఎత్తడాన్ని నెత్తికెక్కించుకోవడం అంటారని ఆమెకు అప్పుడే తెలిసింది. అత్తగారు కూడా తన వంతు సాయం చేయకపోలేదు. వాసన రాకూడదని రోజూ ఆ ఇసుకలో మూతెడు ఫినాయిల్ పోసేది. "ఆడదున్న కొంప ఇలాగేనా ఉండేది?" అని గోడతో అనేది. తనూ ఆడదేనన్న సంగతి ఆవిడకు ఆ సమయంలో గుర్తుండేది కాదు. గుడ్డలుతికి, పరుపు మోసి ఎండలో వేసేసరికి ఆమె నడుము విరిగేది.

ఆ ఉదయం తడిసింది ఆయన ఆఫీసు సంచీ. "సాయంత్రం నేనొచ్చేసరికి ఇది ఇంట్లో ఉండకూడదు. చేపల మార్కెట్ దగ్గర వదిలేసిరా, అదే బతుకుతుంది" అన్నాడు. పిల్లి శాపాలకు ఉట్లు తెగుతాయా అనుకున్నాడో ఏమో, దాని మొహం వైపైనా చూడలేదు. ఆమె చూసింది. మంచం కింద ముడుచుకుని అది తోక కింద అదేపనిగా నాక్కుంటోంది. పట్టుకోబోతే చిన్నగా మూలిగింది.

ఒక పూట సెలవు పెట్టి, దాన్ని మూతబుట్టలో పెట్టుకుని బస్సెక్కింది. ఎక్కేముందు బాత్రూంకి వెళ్ళాలనుకుంది గాని వీలు పడలేదు. ఇంట్లో ఉన్నది ఒక్కటే. పొద్దున పేపరు పట్టుకుని ఆయన దూరతాడు, ఆయన వస్తే అత్తగారు. ఆమె వెళ్ళి గడియ వేసుకోవడమే ఆలస్యం, పాలు పొంగుతున్నాయనో, తువ్వాలు కావాలనో ఎవరో ఒకరు తలుపు కొడతారు. "లోపల నిద్రపోతున్నావా ఏంటి?" అని నవ్వుతారు కూడా. పోనీ ఆఫీసుకెళ్ళాక అనుకుంటే, ఆమెది టికెట్ల కౌంటర్. ఆడవాళ్ళ బాత్రూం తాళంచెవి సూపర్‌వైజర్ సొరుగులో ఉంటుంది. అడిగితే "ఇందాకేగా వెళ్ళారు మేడం" అని వరస ఎంత పొడుగుందో చేత్తో చూపిస్తాడు. అలా అనిపించుకోవడం కంటే నీళ్ళు తాగకపోవడమే నయమని ఆమె ఎప్పుడో కనిపెట్టింది. ఆ తెలివితేటలకు బహుమానంగా పొత్తికడుపులో మంట వచ్చింది, వచ్చి ఉండిపోయింది. ఎవరికని చెప్పుకుంటుంది? చెప్పుకోవడానికైనా సిగ్గుపడనక్కర్లేని చోటు కావాలి కదా. ఆలోచనలో ఉండగానే బస్సు మార్కెట్ దగ్గర ఆగింది. బుట్టలోంచి పిల్లి ఒక్కసారి అరిచింది. లేవాల్సిన మనిషి లేవలేదు. తర్వాతి స్టాపులో, పశువుల ఆసుపత్రి ముందు దిగింది.

డాక్టరమ్మ నడివయసు మనిషి. పిల్లి పొట్ట మెల్లగా నొక్కి చూసి, పెట్టె ఎక్కడ పెట్టారో అడిగింది. వాషింగ్ మెషిన్ సంగతి, ఫినాయిల్ సంగతి ఆమె చెప్పింది.

"ఇది పొగరు కాదమ్మా, నొప్పి" అంది డాక్టరమ్మ. "లోపల మంట పుడుతోంది. అక్కడికెళ్తే మోత, ఘాటు. ఎప్పుడెవరొస్తారో తెలీదు. అందుకని ఆపుకుంటుంది. ఇక ఆగలేనప్పుడు మెత్తగా ఉన్నచోట పోసేస్తుంది. మందిస్తాను. పెట్టె మాత్రం ఎవరూ తిరగని చోటికి మార్చండి. ఫినాయిల్ చుక్క కూడా పడకూడదు. ఎన్నాళ్ళనుంచి ఇలా ఆపుకుంటోంది?"

"పెళ్ళయినప్పటినుంచి" అంది ఆమె.

అన్నాకగాని తను ఏమన్నదో ఆమెకు తెలియలేదు. డాక్టరమ్మ తలెత్తి చూసింది. నవ్వలేదు. "ఆ వరండా చివర బాత్రూం ఉంది. గడియ గట్టిదే. నిదానంగా రండి, దీన్ని నేను పట్టుకుంటాను" అంది.

లోపల ఎంతసేపు ఉన్నా ఎవరూ తలుపు తట్టలేదు. అందుకే కాబోలు ఏడుపొచ్చింది. ఏడవడానిక్కూడా గడియ కావాలి మరి.

మందు తీసుకుని బయటికొస్తుంటే ఆయన ఫోను. "వదిలేశావా?"

"లేదు. దానికి జబ్బు చేసింది. ఇంటికే తెస్తున్నాను. పెట్టె మీ కంప్యూటర్ గదిలో పెడతాను. ఎవరూ తిరగని చోటు అదొక్కటే."

"నా గదిలో పిల్లి పెట్టా? నీకేం రోగం?"

ఆ మాట ఆయన పెళ్ళయినప్పటినుంచి అంటూనే ఉన్నాడు. తిట్టుగానే తప్ప ప్రశ్నగా ఒక్కనాడూ అనలేదు. ఆమె బుట్టను ఇంకో చేతికి మార్చుకుంది.

"అది కనుక్కోవడానికే, దీన్ని దింపి మనుషుల డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను" అంది.