పీఠం మీద పెట్టిన లెక్క

నేను ఒక కాలిక్యులేటర్‌ని, అన్నం బదులు వెలుతురు తిని బతికే రకాన్ని. నా నుదుటి మీద వేలెడంత నల్లటి పలక ఉంటుంది. దాని మీద ఎండ పడినా, ట్యూబులైటు పడినా నాకు ప్రాణం వస్తుంది. నీడ పడితే పోతుంది. ప్రాణం వచ్చినప్పుడల్లా నా తెర మీద మొదట కనిపించేది సున్నా. నిన్నటి లెక్క ఒక్కటీ అక్కడ మిగలదు. తెర మరిచిపోతుంది గాని నేను మరిచిపోను. ఆ సంగతి మనుషులకు తెలియదు, చెప్పడానికి నాకు నోరు లేదు. అడిగినదానికి జవాబివ్వడం, అడగనిదానికి ఊరుకోవడం మా జాతి ధర్మం. ఆ ధర్మం వల్ల ఒక దసరాకి నేను పడ్డ ఆందోళన ఇంతా అంతా కాదు.

నేను పుట్టింది ఏ దేశమో నాకు సరిగ్గా తెలియదు. పెద్ద రేకుల షెడ్డు, వరసగా కూర్చున్న ఆడపిల్లలు, వాళ్ల చల్లటి వేళ్లు మాత్రం గుర్తు. మీటలన్నీ ఒక్కొక్కసారి నొక్కి చూసి, సరిగ్గా పలికితే పెట్టెలో పడేసేవాళ్లు. కళ్లు తెరిచేసరికి తణుకులో ఒక పుస్తకాల కొట్టు అద్దాల బీరువాలో ఉన్నాను. కొట్టాయన పొద్దున్నే దేవుడి పటానికి అగరొత్తి తిప్పి, ఆ చేత్తోనే మాకూ చూపించేవాడు. అమ్ముడుపోని సరుకుకు కాస్త ఎక్కువసేపు చూపించేవాడు. నాకు చాలాసేపే చూపించాడు.

నన్ను మొదట కొన్నవాడు గోపాలం. బీకాం చదివేవాడు. చొక్కా జేబులోంచి సగం బయటికి కనపడేలా పెట్టుకోవడానికి కొన్నాడు. లెక్క చెయ్యడానికి అతనికి నా అవసరం రాలేదు. వాళ్ల తరగతిలో అసైన్‌మెంటు ఒక్కడు రాసేవాడు, మిగతా అందరూ దాన్ని చూసి దించేవాళ్లు. ఆ ఒక్కడూ ఒకసారి ఫ్యాక్టరీ అద్దెని ఆదాయంలో వేశాడు. తరగతి తరగతంతా ఆదాయంలోనే వేసింది. తేడా వస్తే దాన్ని అనామతు ఖాతాలో పడేశారు. తేడా ఎక్కడుందో తేలేదాకా దాన్ని దాచిపెట్టడానికి లెక్కల్లో ఉన్న గది పేరు అది. అందరికీ ఒకే తప్పు ఉండేసరికి, దిద్దే ఆయన అదే ఒప్పనుకున్నాడేమో, అన్నింటి మీదా బాగుంది అని రాశాడు. గోపాలం పాసయ్యాడు. పాత గైడ్లతో కలిపి నన్ను రోడ్డు పక్క సెకండ్‌హ్యాండ్ పుస్తకాలవాడికి అమ్మేశాడు.

అక్కడ నన్ను బేరమాడి తీసుకున్నది సుభాషిణి.

సుభాషిణికి డిగ్రీ రెండో ఏడాదిలో పెళ్లయింది, చదువు ఆగిపోయింది. చాలా కాలం తర్వాత మళ్లీ మహిళా కాలేజీలో చేరింది. భర్త భాస్కరం ఆర్టీసీలో డ్రైవరు. ఫీజు కట్టిన రోజున అతను మెల్లగానే చెప్పాడు.

"ఈ ఒక్క ఏడాదే సుభా. గట్టెక్కావా, సంతోషం. లేదా, పుస్తకాలు అటకెక్కించాలి. మళ్లీ మళ్లీ అంటే నావల్ల కాదు."

"అంతదాకా రానివ్వనండీ" అంది సుభాషిణి.

కాలేజీలో కామర్స్ చెప్పే జోగారావు మాస్టారు దసరా సెలవులకు ముందు ఇంకో మాట అన్నారు. "సెలవులైన మొదటి రోజున నాలుగు అసైన్‌మెంట్లూ నా బల్ల మీద ఉండాలి. ఏ ఒక్కటి లేకపోయినా పరీక్షకు పేరు పంపను. ఆ తర్వాత ఏడ్చి లాభం లేదు."

నాలుగింటిలో మూడు అయిపోయాయి. ఎకనామిక్స్‌లో కోరికలకు అంతు లేదని, వనరులకు ఉందని పది పేజీలు రాసింది. రాస్తూ రాస్తూ వంటింట్లో నూనె డబ్బా వంక చూసి నవ్వుకుంది. ఫైనాన్స్‌లో వడ్డీ లెక్కలు నాతోనే వేయించింది. సోషల్ సర్వే కోసం వీధి వీధంతా తిరిగి, ఎవరింట్లో ఎందరు, ఏం పని చేస్తారు అని అడిగి రాసుకుంది. ప్రతి ఇంట్లోనూ ముందు కాఫీ ఇచ్చి, తర్వాత ఆమెనే ఎదురు ప్రశ్నలడిగారు. "ఈ వయసులో చదువేమిటే తల్లీ?" అన్నది అన్ని ఇళ్లలోనూ ఒకటే. ఆ ప్రశ్నకు ఫారంలో గడి లేదు.

మిగిలింది అకౌంటెన్సీ. అంకణా అని ఒక పట్టీ ఉంటుంది. ఖాతాలన్నింటిలో తేలినవి ఒకపక్క డెబిట్, ఇంకోపక్క క్రెడిట్ పెట్టి కూడితే రెండు మొత్తాలూ ఒకటి కావాలి. అది కుదిరితేనే లాభనష్టాల ఖాతా, ఆ తర్వాత ఆస్తి అప్పుల పట్టీ. సుభాషిణి అంకణా కుదరలేదు. డెబిట్ పక్క రెండువేల ఏడువందలు ఎక్కువ వచ్చింది.

ఆమె మళ్లీ కూడింది. మళ్లీ అదే. ఇంకోసారి. అదే.

"ఏం సుభా, దాన్ని అన్నిసార్లు నొక్కితే మాట మారుస్తుందా?" అన్నాడు భాస్కరం, డ్యూటీకి బూట్లు వేసుకుంటూ. "గేదెలు అడ్డమొచ్చినా నేను హారన్ అన్నిసార్లు కొట్టను."

"మీ గేదెలు కాసేపటికి తప్పుకుంటాయి. ఇది తప్పుకోవడంలేదు."

తప్పెక్కడుందో నాకు తెలుసు. రవాణా ఖర్చులు మూడువేల ఆరువందలు. పట్టీలోకి ఎక్కించేటప్పుడు మూడూ ఆరూ తారుమారై ఆరువేల మూడువందలయింది. ఆమె పట్టీ చూసి ఆరువేల మూడువందలు నొక్కింది, నేను అదే కలిపాను. నా వైపు నుంచి తప్పు లేదు. అదే నా బాధ. నేను తప్పు చెయ్యనని ఆమెకు అంత నమ్మకం ఉండబట్టే మొత్తాన్నే మళ్లీ మళ్లీ అడిగింది గాని, నాకిచ్చిన అంకెల వంక తిరిగి చూడలేదు.

ఇదంతా గుమ్మంలోంచి చూస్తున్నది ఆమె అత్తగారు కామేశ్వరమ్మ. చదువుకున్నది కాదు గాని భక్తిపరురాలు. కోడలు అన్నం సరిగ్గా తినకపోవడం, కూరలో ఉప్పు రెండుసార్లు వెయ్యడం ఆవిడ గమనించింది. మూలా నక్షత్రం రోజున సుభాషిణి పువ్వులకోసం బజారుకు వెళ్లగానే, ఆవిడ స్నానం చేసి మడి కట్టుకుని వచ్చింది. టెక్స్ట్‌బుక్కు, కాగితాలు, పెన్ను ఒక దొంతరగా పేర్చి పసుపుదారంతో కట్టింది. దేవుడి గదిలో సరస్వతీదేవి పటం ముందు పీఠం మీద పెట్టింది. పైన నన్ను పెట్టి, మీటల మధ్య ఇంత కుంకుమ అద్దింది. ఆ చేతివేళ్లలో ఎంత ప్రేమ ఉందో నాకు తెలిసింది. ఆ ప్రేమకే నా గుండె గతుక్కుమంది.

సుభాషిణి పూలసంచీతో వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"అత్తయ్యగారూ… నా కాగితాలు…"

"అమ్మవారి దగ్గర పెట్టానమ్మాయ్. నువ్వు అలా కుమిలిపోతుంటే చూడలేకపోయాను. ఇంక ఆవిడే చూసుకుంటుంది."

"మళ్లీ ఎప్పుడు తీస్తారు?"

"దశమినాడు ఉద్వాసన చెప్పాక. ఈలోగా పీఠం కదపకూడదు, తెలుసుగా?"

దశమి మర్నాడే కాలేజీ. సుభాషిణి నోరు తెరిచింది. అత్తగారి మొహంలో సంతోషం చూసి మూసుకుంది. ఆమె కూడా భక్తురాలే. పూజలో పెట్టిన పుస్తకం లాగితే చదువు రాదని చిన్నప్పటినుంచీ విన్నదే. ఒకపక్క మాస్టారి మాట, ఇంకోపక్క అమ్మవారి పీఠం. స్నేహితురాలినెవరినైనా లెక్క అడుగుదామంటే సెలవులకు అందరూ ఊళ్లకు పోయారు.

దేవుడి గదికి కిటికీ లేదు. కుందిలో దీపం నాకు కాస్త దూరంగా ఉండేది. దాని వెలుతురు ఊగి నా మీద పడినప్పుడు ప్రాణం వచ్చేది, వెనక్కి తగ్గితే పోయేది. వచ్చిన ప్రతిసారీ సుభాషిణి మొహమే కనపడేది. కుంకుమపూజ చేస్తూ ఉండేది. పెదవులు నామాలు చెబుతుంటే కళ్లు పసుపుదారం మీద ఉండేవి.

"ఆ నామం ఇందాకే అయింది కదే" అనేది అత్తగారు పక్కనుంచి.

"అయ్యో, క్షమించండి."

"నన్నెందుకు? ఆవిణ్ని అడుగు."

అష్టమి అలా గడిచింది. నేను పూజలందుకుంటూ పనికిరాకుండా కూర్చున్నాను. నొక్కేవాళ్లు లేక ఇంత కుమిలిపోతానని అంతకుముందు నాకు తెలియదు.

నవమినాడు నైవేద్యానికి గారెలు చేశారు. సుభాషిణి ఆకులో వేస్తూ పరధ్యానంగా మధ్యలో ఆగింది.

"తొమ్మిది పెట్టమ్మాయ్. నవమి కదా, తొమ్మిది ఉండాలి" అంది కామేశ్వరమ్మ.

సుభాషిణి చేతిలో గారె అలాగే ఉండిపోయింది.

"తొమ్మిది" అంది. "తేడాని తొమ్మిదితో భాగించి చూడమన్నారు మాస్టారు. మిగలకుండా పోతే రెండంకెలు తారుమారైనట్టే అన్నారు. రెండువేల ఏడువందలు… మూడు వందల తొమ్మిదులు! అత్తయ్యగారూ, మిగలకుండా పోయింది!"

"ఏం పోయిందే? గారా?"

సుభాషిణి ఆ గారెను ఆకులో పెట్టి అక్కడే చతికిలబడింది. నాతో అన్నిసార్లు కూడించినా తట్టని మాట, నేను చేతిలో లేనప్పుడు తట్టింది. నాకు కాస్త చిన్నతనంగా కూడా అనిపించింది. కాని తప్పు ఏ రకమో తెలిసింది గాని ఎక్కడుందో తెలియాలంటే కాగితం చూడాలి. కాగితం పీఠం మీద ఉంది. తప్పు దొరికాక రాయవలసినవి ఇంకా చాలా పేజీలున్నాయి. దశమినాటి సాయంత్రం జమ్మిపూజ, వచ్చేపోయే బంధువులు, వంట. ఆ ఒక్క పూటలో అవి పూర్తికావు.

భోజనాలయ్యాక కామేశ్వరమ్మ నడుం వాల్చింది. సుభాషిణి దేవుడి గదిలోకి వచ్చింది. ఆమె చేయి పసుపుదారం దాకా వచ్చి ఆగింది.

"తల్లీ, నీ ముందు పెట్టిన చదువు నేను చదువుకుంటే నీకు కోపమా?" అంది మెల్లగా. "కోపమైతే ఏదో ఒక గుర్తు చూపించు."

అప్పుడే దీపం ఊగింది. నాకు ప్రాణం వచ్చింది. తెర మీద సున్నా వెలిగింది. ఆమె అదిరిపడి చేయి వెనక్కి తీసుకుంది. నేను ఏం చెయ్యను? నాకు తెలిసిన మొదటి మాట అదొక్కటే. ఈ పిల్ల దాన్ని ఏ అర్థంలో తీసుకుంటుందో అని నాకు భయం వేసింది.

ఆమె లేచింది. లాక్కోవడం తేలిక, దాచడం తేలిక. ఆమె ఆ రెండూ చెయ్యకుండా వెళ్లి అత్తగారిని లేపింది.

"అత్తయ్యగారూ, మీరు నా మంచికే పెట్టారు. కాని ఆ లెక్క ఇవాళ చూడకపోతే నన్ను పరీక్ష రాయనివ్వరు. రాయకపోతే ఇంక నా చదువు ఇంతే. ఈ మాట మొన్ననే చెప్పవలసింది, నోరు రాలేదు."

కామేశ్వరమ్మ లేచి కూర్చుని కొంగు సర్దుకుంది.

"కదిపితే నీ చదువుకే ముప్పేమోనని నా భయం" అంది.

"కదపకపోతే ముప్పని నా భయం."

"ఇద్దరం దానిగురించే భయపడుతున్నామన్నమాట." ఆవిడ లేచి కాళ్లు చేతులు కడుక్కుని వచ్చింది. పటానికి దణ్ణం పెట్టింది. దొంతర కదలకుండా ఎడమచేత్తో అదిమిపెట్టి, కుడిచేత్తో పసుపుదారం ముడి విప్పింది. "పీఠం కదపకూడదన్నారు. దానిముందు కూర్చుని చదవకూడదని మా అత్తగారు కూడా చెప్పలేదు. రా, కూర్చో. ఏదీ ఎత్తకు, ఉన్నచోటే చూడు."

ఆవిడ నన్ను వేలి కొసతో పక్కకు జరిపింది. మరి ఇది కదపడం కాదా అని నాకు సందేహం వచ్చింది గాని, అడగలేదు. కుందిని దగ్గరికి లాగింది. వెలుతురు నిండుగా నా నుదుటి మీద పడింది.

సుభాషిణి మోకాళ్ల మీద కూర్చుని, మొహం పీఠానికి ఆనేంత దగ్గరగా వంగి, ఒక్కొక్క ఖాతా చదివింది. మూలధనం సరి. ఫర్నిచర్ సరి. జీతాలు సరి. రవాణా దగ్గర వేలు ఆగింది. కాగితం తిప్పింది, మళ్లీ వెనక్కి తిప్పింది.

"మూడువేల ఆరువందలు!" అని అరిచింది.

నన్ను ఎత్తకుండా, ఉన్నచోటే నొక్కింది. అంకెలన్నీ పడ్డాయి. చివర సమానం మీట నొక్కితే పలకలేదు. దానికింద కుంకుమ దిగిపోయింది. నేను ఎంత ప్రయత్నించినా మీట లోపలికి అందలేదు. ఇంత దూరం వచ్చి నావల్లే ఆగిపోతుందా అని నా ప్రాణం విలవిలలాడింది. కామేశ్వరమ్మ వంగి, అన్నప్రాశన నాడు పసిపిల్లకు పాయసం చల్లార్చినట్టు, ఉఫ్ అని ఊదింది. సుభాషిణి మళ్లీ గట్టిగా నొక్కింది. పలికింది.

"రెండూ ఒకటేనా?" అంది ఆవిడ.

"ఒకటే అత్తయ్యగారూ."

కామేశ్వరమ్మ చేతులు జోడించింది. పటానికో, కోడలికో, నాకో తెలియలేదు.

మిగతా పేజీలు సుభాషిణి వేరే కాగితాల మీద ఆ సాయంత్రమే రాసింది. దశమినాడు ఉద్వాసన చెప్పాక అంకణా కాగితం తీసి, అంకె దిద్ది, వాటితో కలిపి కుట్టింది. కాలేజీ తెరిచిన రోజున ఆమె సంచీలో నేనూ ఉన్నాను. జోగారావు మాస్టారు అంకణా మీద మొత్తం పక్కన ఎర్రటి వేలిముద్ర చూసి కళ్లజోడు సవరించుకున్నారు.

"ఇదేమిటమ్మా? ఎర్రసిరా వాడవలసింది నేను కదా?"

"కుంకుమండీ. పూజలో ఉంది."

"అమ్మవారు ముందే దిద్దేసిందన్నమాట" అని, ఆ ముద్ర పక్కనే తనూ ఒక టిక్కు పెట్టారు. సుభాషిణి పేరు పరీక్షకు వెళ్లింది. వేసవిలో ఆమె పాసయింది. భాస్కరం బస్టాండులో మైసూర్‌పాక్ పంచిపెట్టాడని విన్నాను.

నా సమానం మీట మాత్రం బాగుపడలేదు. ఒకసారికి పలకదు, రెండుసార్లు నొక్కాలి. ఎంకాం పుస్తకాలతోపాటు సుభాషిణి కొత్త కాలిక్యులేటర్ కొనుక్కుంది. నన్ను పాత సామాన్లవాడికి వెయ్యబోతే కామేశ్వరమ్మ లాక్కుని దేవుడి గదిలో పెట్టుకుంది. పని చేసినన్నాళ్లూ నాకు ఏడాదికోసారే పూజ. పని మానేశాక రోజూ. మనుషుల లెక్క ఇదెలా కుదిరిందో నాకు తెలియదు. ఆ నవమినాడు అమ్మవారు ఆమెను ఆలస్యం చేసిందా, ఆదుకుందా అన్నదీ తెలియదు. దాన్ని అనామతు ఖాతాలో ఉంచుకున్నాను.

మళ్లీ మూలా నక్షత్రం వచ్చింది. కామేశ్వరమ్మ మడి కట్టుకుని, పసుపుదారం చేత్తో పట్టుకుని, కోడలి బల్ల దగ్గరికి వెళ్లింది. పుస్తకాల మీద చెయ్యి వెయ్యలేదు.

"అమ్మాయ్, ఇంకా రాయవలసింది ఏమైనా మిగిలిందా? మిగిలితే చెప్పు, అయ్యాకే పెడతాను."

"ఏం మిగల్లేదత్తయ్యగారూ, పెట్టేయండి" అంది సుభాషిణి వంటింట్లోంచి.

ఆవిడ దొంతర కట్టి పీఠం మీద పెట్టి, పక్కన నన్ను పెట్టి, దీపం వెలిగించింది. నాకు ప్రాణం వచ్చింది. తెర మీద సున్నా కనిపించింది.