నారప గుండెకు గేటు పాసు

బళ్ళారి దగ్గర ఒక ఇనుప గనిలోకి టిప్పర్ తోలుకుపోవాలంటే డ్రైవరు ఛాతీ ఎక్స్‌రే చూపించాలని కొత్త రూలు వచ్చింది. నారప పదిహేనేళ్లుగా ఆ గనిలో టిప్పర్ తోలుతున్నాడు. వయసు నలభై ఆరు. పుట్టినప్పటి నుంచీ దగ్గు, ముక్కు దిబ్బడ. వాటికి ఇంట్లో అందరూ ఎంత అలవాటుపడ్డారంటే, అతను ఎప్పుడైనా దగ్గకుండా కూర్చుంటే ఏమైందని అడిగేవారు.

సేఫ్టీ ఆఫీసు గుమాస్తా చిదానంద ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఏందప్పా ఇది? గుండె కుడిపక్క ఉండాది. ఫిల్ము తిరగేసినారు."

"ల్యాబులోనూ అదే అనుకున్నారు సార్. మూడుసార్లు తీసినారు. మూడుసార్లూ ఆ పక్కే వచ్చింది."

చిదానంద ఫిల్మును తిప్పి పట్టుకున్నాడు. గుండె ఎడమకు వచ్చింది. హమ్మయ్య అనుకుని ముద్ర అందుకున్నాడు. అప్పుడు మూలనున్న నారప పేరు తిరగబడి కనిపించింది.

"ఇట్ల ఆగల్ల, కుదర్దు నారపప్పా. పేరు సరిగుంటే గుండె తప్పు, గుండె సరిగుంటే పేరు తప్పు. రెండూ సరిగుండేది తీసుకురాపో."

నారప భార్య చంద్రిక జీన్స్ ఉతికే యూనిట్లో సూపర్‌వైజరు. రోజుకు వెయ్యి ప్యాంట్లు తనిఖీ చేసే మనిషి. సంగతంతా విని మొగుణ్ణి కిందినుంచి పైదాకా చూసింది.

"లోపలిది బయటికి పెట్టి కుట్టిన ప్యాంటు మాదిరి ఉండావే! పద, డాక్టరమ్మ దగ్గరికి పోదాం."

ఊపిరితిత్తుల డాక్టరు అనూష నవ్వలేదు. చిన్నప్పుడు చెవులు కారేవా, దగ్గు ఒక్కరోజైనా ఆగిందా అని అడిగింది. సన్నటి బ్రష్షును నారప ముక్కులో పెట్టి గీకి, అంటుకున్నదాన్ని గాజు పలక మీద మందు చుక్కలో కలిపి, మైక్రోస్కోపు కింద పెట్టింది. పక్కనున్న టీవీలో బొమ్మ పడింది. గుండ్రటి కణాలు, వాటి నెత్తిన నిక్కపొడుచుకున్న వెంట్రుకలు.

"మన ముక్కులో, గాలిగొట్టంలో గోడ అడుగున పిల్లకణాలు ఉంటాయి. వాటిలో కొన్ని పెరిగి జిగురు చేసే కణాలవుతాయి, కొన్నేమో వెంట్రుకల కణాలవుతాయి. వెంట్రుకల కణం ఒక్కోదానికి రెండొందలకు పైగా మొలుస్తాయి. దుమ్ము జిగురులో అంటుకుంటే, ఈ వెంట్రుకలు సెకనుకు పదిసార్లకు పైగా ఊగి దాన్ని గొంతు దాకా తోసేస్తాయి. మనకు తెలీకుండానే మింగేస్తాం."

"ఇవి ఊగడం లేదు కదమ్మా?" అన్నాడు నారప.

"ఊగవు. వెంట్రుకలు మొలిచాయి గానీ, వాటిని ఊపే మోటారు పుట్టుకతోనే పనిచేయలేదు. అందుకే ఆ పనంతా మీ దగ్గు చేస్తోంది."

"మరి గుండె సంగతేంది? అది ముక్కులో లేదు కదా?"

"మీరు అమ్మ కడుపులో గసగసాల గింజంత ఉన్నప్పుడు, ఇలాంటి వెంట్రుకలే గిరగిరా తిరిగి నీటిని ఒక పక్కకు తోయాలి. దాన్ని బట్టే ఎడమేదో కుడేదో ఒళ్ళు తేల్చుకుంటుంది. మీవి తిరగలేదు. ఇక ఎటు పడితే అటే. మీకు ఇటు పడింది."

చంద్రిక కుర్చీ ముందుకు జరుపుకుంది. "మేడం, నాదొకసారి చూడండి."

ఆమె కణాలు టీవీలోకి వచ్చాయి. నారప లేచి నిలబడ్డాడు. గాలికి వరిమడి ఊగినట్టు వెంట్రుకలన్నీ ఒకే వైపు ఒరిగి లేస్తున్నాయి. ఒక నీలం నలుసును ఈ కణం పక్క కణానికి, అది దాని పక్కదానికి అందిస్తూ తోసుకుపోతున్నాయి. పదిహేడేళ్ల కాపురంలో భార్య ముక్కు గురించి అతనెన్నడూ ఆలోచించలేదు. ఇప్పుడు టీవీ దగ్గరికి వంగాడు.

"చంద్రికా, నీ లోపల ఇంత పని జరుగుతాండాదా?"

"నాకూ ఇప్పుడే తెలిసింది," అంది ఆమె, కొంచెం గర్వంగా.

డాక్టరు రాసిచ్చిన ఉత్తరాన్ని చిదానంద రెండుసార్లు చదివాడు. గేటు పాసు ఇవ్వడానికి అతనికి అభ్యంతరం లేదు. కానీ ఫారంలో 'గుండె ఎడమవైపున ఉన్నది' అని ముందే అచ్చయి ఉంది. కొట్టివేతలు చెల్లవు. విషయం కమిటీకి పోయింది.

కమిటీలో సేఫ్టీ అధికారి దురుగప్ప పెద్ద ప్రశ్న లేపాడు. "యాక్సిడెంటై ఈయప్ప పడిపోతే, మనోళ్ళు ఎడమపక్క చెవి పెడతారు. చప్పుడు లేదని పూలదండ తెప్పిస్తే?"

అందుకని నారప చొక్కా మీద ఎర్రదారంతో 'గుండె ఈ పక్క' అని కుట్టించి బాణం గుర్తు పెట్టాలని తీర్మానించారు. ఫారంతో పేచీ రాకుండా పాసు మీద ఫోటోను అద్దంలో బొమ్మలా తిప్పి అచ్చువేశారు. మరుసటి వారం సేఫ్టీ డ్రిల్లులో నారపనే దెబ్బతగిలినవాడిగా పడుకోబెట్టారు. అతన్ని బోర్లా పడుకోబెట్టారు కాబట్టి బాణం ఎవరికీ కనబడలేదు. తిప్పి పడుకోబెట్టాక, బాణం చూపే కుడి చూసేవాళ్ళ కుడివైపా, పడినవాడి కుడివైపా అని వాదన మొదలైంది. అరగంట తర్వాత నారపే లేచి, చేత్తో చూపించి, మళ్ళీ పడుకున్నాడు. డ్రిల్లు విజయవంతమని చిదానంద రాసుకున్నాడు.

పాసు చేతికొచ్చింది. నారప నాలుగు రోజులు టిప్పర్ తోలాడు. ఐదో రోజు గని దారిలో ఎర్రదుమ్ము అద్దాలను కమ్మేసింది. అతనికి టీవీలో చూసిన తన వెంట్రుకలు గుర్తొచ్చాయి. అంత దుమ్ముకు ఎదురుగా, పాపం, అవి ఊరికే నిలబడి ఉంటాయి. బండి వెనక్కి తిప్పాడు. పాసును చిదానంద బల్ల మీద పెట్టాడు.

"ఇంత కష్టపడి ఇప్పిస్తే!" అని చిదానంద నొచ్చుకున్నాడు.

"గుండెతో ఇబ్బంది లేదు సార్. ముక్కు ఒప్పుకోలేదు."

ఇప్పుడు నారప ఊళ్ళో నీళ్ళ ట్యాంకరు తోలుతున్నాడు. వెంట్రుకలు చేయని పని చేతులతో చేయాలని డాక్టరు చెప్పింది. అందుకే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అతను మంచం మీద పక్కకు తిరిగి పడుకుంటాడు. చంద్రిక అరచేతులు దొప్పలుగా చేసి వీపు మీద దబదబా తడుతుంది. లోపలి జిగురు కదిలి బయటికొస్తుంది.

మొదటి వారం ఆ చప్పుడు విని పక్కింటి సిద్దక్క పంచాయతీ చెప్పడానికి పరుగెత్తుకొచ్చింది.

"ఏందే చంద్రికా, మొగుణ్ణి ఇట్ల బాదుతాండావు?"

"కసువు ఊడుస్తాండానక్కా," అంది చంద్రిక చేయి ఆపకుండా. "రా, ఆ పక్క నువ్వు తట్టు."

సిద్దక్క కొంగు నడుముకు దోపుకుని, మంచానికి అవతలి పక్కన కూర్చుంది.