బావ అడిగిన ఏటి నీళ్ళు

నీటి పరీక్షల ల్యాబ్‌లో చిట్టి పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తోంది. వారం వారం ఏటి మెట్లు దిగి, సీసాలు నింపి, చీటీలు అంటించుకొస్తుంది. ఆ మెట్ల మీదే జనం చెప్పులు విడిచి, దోసిలి పట్టి, ఆ నీళ్ళు కళ్ళకద్దుకుని తాగేవారు. "తాగకండమ్మా" అని మొదట్లో బతిమాలేది. "దేవుడి నీళ్ళకి పరీక్షలేంటి తల్లీ" అని వాళ్ళు నవ్వేవారు. చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఊరుకుంది.

ఆ రోజు పొద్దున్నే అక్క ఫోన్ చేసింది.

"మీ బావ నిన్నట్నించీ ఒకటే పోరు. ఏటి నీళ్ళు కావాలట. ఓ చెంబెడు పట్రావే."

బావ మంచం పట్టి మూడు నెలలైంది. డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆ మనిషి నోట్లో ఆ నీళ్ళు పోయడానికి చిట్టికి చేతులు రాలేదు. ల్యాబ్‌లో కాచి చల్లార్చిన నీళ్ళు సీసాలో పట్టుకెళ్ళింది.

అక్క చెంచాలో పోసి అందించబోయింది. బావ వాసన చూసి తల తిప్పేశాడు.

"ఇవి ఏటివి కావు."

"అక్కడివే బావా."

"మరి కంపేది?"

అక్క చెల్లెలి వైపు చూసింది. "పోయే ప్రాణంతో కూడా అబద్ధాలేనా?"

"అందులో ఏం కలుస్తోందో నాకు తెలుసక్కా!"

"నీకంటే నాకు బాగా తెలుసు చిట్టీ" అన్నాడు బావ. మురుగు పంపుహౌస్‌లో ముప్ఫై ఏళ్ళు చేసిన మనిషి. తొట్టి నిండినప్పుడల్లా పైవాళ్ళ మాట మీద గేటు తిప్పి, మురుగంతా ఏట్లోకి వదిలింది ఆయనే. "పొద్దున్నే గేటు తిప్పేవాణ్ణి. డ్యూటీ దిగాక అదే ఏటికి దణ్ణం పెట్టేవాణ్ణి. నువ్వు కాగితం మీద రాసి పంపేదానివి. ఇద్దరం జీతాలు తీసుకున్నాం."

చిట్టికి కోపం రాలేదు. ఆ ఓపిక లేదు. చెంబు తీసుకుని బస్సెక్కింది.

ఆమె ఏటి నీళ్ళతో తిరిగి రాగానే గది నిండా కంపు కొట్టింది. అక్క కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంటూనే చెంచా తీసింది.

"నోట్లో వద్దు. పిచ్చా నాకు?" అన్నాడు బావ. "చేతుల మీద పొయ్యి."

అక్క మంచం పక్కన బేసిన్ పెట్టి నెమ్మదిగా పోసింది. ఆయన రెండు చేతులూ దగ్గరికి చేర్చి పట్టాడు. చెంబు సగమయ్యాక తడి చేతులు కళ్ళకద్దుకుని, "తల్లీ, తప్పయింది" అన్నాడు. అక్క మొహం తిప్పుకుంది.

కాసేపాగి చిట్టి సబ్బు తెచ్చింది.

"మంచినీళ్ళతో కడగనా బావా?"

"కడుగు. నీ ఉద్యోగం నువ్వు చెయ్యి."

మొహం, చేతులు కడిగి తుడిచింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"ఈ నీళ్ళెక్కడ పొయ్యను? మొక్కలకి పోస్తే?" అంది అక్క బేసిన్ ఎత్తి.

"చచ్చిపోతాయక్కా."

మరో చోటు తోచక బాత్రూమ్‌లో పారబోశారు. ఆ గొట్టం ఎక్కడికి పోతుందో ఇద్దరికీ తెలుసు. వంటింట్లో గోడకి చేరగిలబడి కూర్చున్నారు. పొయ్యి వెలిగించడానికి ఇద్దరిలో ఎవరూ లేవలేదు. లోపల బావ దగ్గు లేకుండా గంటసేపు నిద్రపోయాడు.

నాలుగో రోజు పోయాడు.